తెల్లగూబకు నేను చెప్పిన ఉపన్యాసం

నేను అబద్ధం చెప్పను. చెప్పే అవసరం నాకు ఎప్పుడూ రాలే, ఎందుకంటే నాకు జరిగిన నిజాలకే జనం తట్టుకోలేరు, ఇంక అబద్ధాలు చెప్తే ఏమైపోతారు?

ఎనభై ఎనిమిదిలో, వానలు మొదలైన దినాల్లో, ఆళ్లగడ్డ బస్టాండు పక్కన ఇస్సాకు టీ అంగడి కాడ నేనొక సంగతి చెప్పినా. ఆ పొద్దు చెప్పింది చెప్పినట్ల ఈడ రాస్తాండా. నడిమిలో ఎవురెవురు అడ్డమొచ్చిరో అదీ రాస్తాండా, లేకుంటే పార్థసారథి తనకు కావాల్సినట్ల రాసుకున్న్యాడు అంటారు మీరు.

అంగడిలో నలుగురుండిరి. పంపు స్టవ్వు ముందర ఇస్సాకు. బల్ల మీద బస్టాండు కంట్రోలరు ఆనందరావు. తాను చెప్పే బస్సు టైములు ఎవురూ నమ్మరు గాబట్టి తానూ ఎవుర్నీ నమ్మడు. ఆ పక్కన అహోబిలం నుంచి వచ్చిన కృష్ణస్వామి, గుళ్లో పారాయణం చేసేటాయన. మూలన, రుద్రవరం బస్సు కోసం చూస్తా, ఒళ్లో సంచి పెట్టుకొని ఒక ఆడమనిషి. ముప్పై ఐదేండ్లుంటాయేమో. ఆమె ఎవురో నాకు తెలీదు.

కృష్ణస్వామి టీ గ్లాసు పట్టుకున్న్యాడే గాని తాగడం లే. గ్లాసులో టీ వణుకుతాంది.

"ఏం సామీ, జొరమా?" అంటి.

"జ్వరం కాదు పార్థసారథీ. నిన్న పొద్దున మా వంటింట్లో గుడ్లగూబ దూరింది. తెల్లటిది. మనిషి ముఖం లాంటి ముఖం. తరిమితే పోయింది గానీ, మా ఇంట్లోవాళ్లు ఆ పూట నుంచి పొయ్యి వెలిగించలేదు. ఇల్లు పాడుబెట్టాలంటున్నారు. ఎనభై ఏళ్ల తల్లిని తీసుకొని ఎక్కడికి పోను?"

మా పక్క ఇది అందరికీ తెలిసిందే. గూబ దూరిన ఇంట్లో మనుషులుండగూడదు. తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి, దీపం గూడా పెట్టకుండా, ఆర్నెల్లు ఇడిసిపెట్టి పోవల్ల. పోకుంటే ఆర్నెల్లు తిరిగేలోపల ఆ ఇంట్లో ఒకరు పోతారు. ఎక్కువగా ముసలోళ్లు, లేకుంటే పసిబిడ్డలు. అందుకే ఆ మాట ఇనంగానే ఇస్సాకు పాలు గరిటెతో కలిపేది నిలిపేసినాడు. మూలనుండే ఆమె కొంగు భుజాల నిండా కప్పుకున్న్యాది.

నాకు మటుకు నవ్వొచ్చింది.

"గూబకు భయపడతావా సామీ? తెల్లగూబను ఎదురెదురు కూచోబెట్టుకొని మాట్లాడినోణ్ణి నేను. ఇను."

"మొదలాయె," అన్న్యాడు ఆనందరావు.

మొదలే మరి. డెబ్బై నాలుగులో, నంద్యాల్లో చదువుకున్నోళ్లు కొందరు కలిసి పక్షుల గురించి, అడివి గురించి ఊరూరా జనానికి ఉపన్యాసాలు చెప్పించాలని పూనుకున్న్యారు. కాలేజీలో లెక్చరరుగా ఉండే దేవసహాయం దానికి పెద్ద. ఏ పిట్ట ఏం తింటాది, యాడ గుడ్లు పెడతాది, అన్నీ ఆయనకు తెలుసు. గొంతే లేదు. ఆయన మాట్లాడితే రెండో వరసకు వినపడదు, మూడో వరస నిద్రపోతాది. నేనో, ఇరవై ఏండ్లు నాటకాల్లో రాజు వేషాలు కట్టినోణ్ణి. మైకు లేకుండా పద్యమెత్తుకుంటే పక్కూళ్లో గొడ్లు లేచి నిలబడేవి. దేవసహాయం నా కాడికొచ్చి, అన్నా, నువ్వే దిక్కు అని చేతులు పట్టుకున్న్యాడు. ఆయన రాసిచ్చినాడు, నేను చెప్పినా.

"అంటే బట్టీ పట్టినావు," ఆనందరావు.

"బట్టీ కాదప్పా. ఆయన రాసినదాంట్లో తప్పులు దిద్ది చెప్పినా."

మొదటి ఉపన్యాసం నంద్యాల్లో, ఒక ఇస్కూలు వరండాలో. నలభై మంది జనం. అరగంట సేపు కాగితం చూడకుండా చెప్పినా, ఒక్క మనిషి లేచి పోలే. గొప్పలు పోడం లే, ఉన్న సంగతి.

"వాన పడతాండె ఆ పొద్దు," అన్న్యాడు ఇస్సాకు. "నేను గూడా ఉంటి. యాడికి పోతాం?"

"నీ పాలు పొంగుతాండాయి, చూసుకో."

రెండోది దొర్నిపాడులో. అప్పటికి నా పేరు పాకిపోయింది. కందిచేన్లల్లో నుంచి జనం, బండ్లల్లో జనం, నాలుగు వేలకు తక్కువుండరు. నెమలి గురించి చెప్తా చెప్తా, నెమలి ఎట్ల కూస్తాదో కూసి చూపించినా. ఒక్కసారే కూసినా. ఏమైందో తెలుసా? చుట్టుపక్కల చేన్లల్లో నుంచి రెండు నూర్ల నెమళ్లు వచ్చి, జనానికి అడ్డం రాకుండా ఎనక వరసల్లో నిలబడినాయి. వాటిని చూసి మబ్బులు కమ్మినాయి. ఆ యేడు దొర్నిపాడులో పడిన వాన అంతా నాదే.

"దొర్నిపాడులో ఆ యేడు కరువు," అన్న్యాడు ఆనందరావు.

"ఇంగో ఊరోళ్లు కాలవ తిప్పుకొని పోయిరి. కథ ఇంటావా, వాదనకొస్తావా?"

సరే. మూడోదే అసలుది. రుద్రవరం అవతల, నల్లమల కొండ కిందుండే ఊరు. పేరు చెప్పను. ఆ ఊరోళ్లు నన్ను ఇంకా దేవుడి మాదిరి తలుసుకుంటాండారు, మీరు పోయి వాళ్లను అడిగి ఇసిగిస్తారు.

మూలనుండే ఆడమనిషి తలెత్తి నా పక్క చూసింది. నా కథలంటే ఆడోళ్లు గూడా చెవి పెడతారు, అది నాకు కొత్త గాదు.

ఆ ఊళ్లో ఒక పాత బురుజు ఉంది. రాళ్లు సగం రాలిపోయి, పైన తంగేడు మొలిచి, చూస్తే పండ్లూడిన ముసలోని మాదిరి ఉంటాది. ఆ బురుజులో, రెండు నిలువుల ఎత్తున, ఒక బొక్క. ఆ బొక్కలో తెల్లగూబ ఉందని ఊరంతటికీ తెలుసు. చావుపిట్ట అంటారు ఆడ. పొద్దు వాలినాక ఆ పక్క నడిచేటోళ్లు లేరు. బురుజుకు ఆనుకొని నాలుగిండ్లుంటే, మూడిండ్లోళ్లు ఆ పక్కుండే కిటికీలకు రాయి పెట్టి మూసేసినారు. ఒకామెకు వరసగా ఇద్దరు బిడ్డలు పోయిరంట. గూబ చేసిందే అంటారు. గూబను చంపాలంటే ఎవురికీ చెయ్యి రాదు, దాన్ని చంపినోడు అదే వారంలో పోతాడంట. భయమంటే అట్ల ఇట్ల గాదు. పసిబిడ్డ తుమ్మితే బురుజు పక్క చూసేటోళ్లు.

దేవసహాయం అన్న్యాడు, అన్నా, ఈ ఊళ్లో గూబ గురించే చెప్పల్ల, ఆ బురుజు కిందనే చెప్పల్ల అని. సై అంటి. మద్యాన్నం మూడు గంటలకు, బురుజు నీడన, పట్టపగలు మొదలుపెట్టినా.

"అయ్యలారా, అమ్మలారా! ఇది చావుపిట్ట గాదు. మీ గింజలు కాపాడే పిట్ట. ఒక్కో గూబ యేడాదికి వెయ్యి ఎలుకల్ని తింటాది. అది మనిషిని ముట్టదు. దగ్గరికి పోతే పాము మాదిరి బుస కొడతాది, నిజమే, గాని అది కోపం గాదు, దాని భయం. దాని ముఖం చూసి మనం భయపడతాం, మన ముఖం చూసి అది భయపడతాది. గూబ ఇంట్లో దూరితే తలుపు తీసిపెట్టండి, అదే పోతాది. ఇల్లు పాడుబెట్టాల్సిన పని లేదు."

ఈ ముక్కలు చెప్తాంటే బురుజు రాళ్లు గూడా ఇన్న్యాయి.

"ఎవురు రాసినవివి?" అన్న్యాడు ఆనందరావు.

"చెప్పినోడు ఎవురు? అది అడుగు."

జనం ఇన్న్యారే గాని, ఒక్కరి ముఖంలో నమ్మకం లే. ఒక ముసలాయన లేచి, నీకేం నాయనా, నువ్వు చెప్పి నంద్యాలకు పోతావు, మేము ఈడ పండుకోవల్ల అన్న్యాడు. నాకు రోషమొచ్చింది. ఇట్ల గాదు, గూబనే వీళ్ల ముందర పెడతా అనుకున్న్యా. బురుజు పక్క తిరిగి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి, గూబ భాషలో ఒక్క పిలుపు పిలిచినా.

"గూబకు భాషుందా అప్పా?" అన్న్యాడు ఇస్సాకు.

"దానికి లేకుంటే నాకెట్లొస్తాది?"

ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొక్కలో నుంచి అది బయటికొచ్చింది. అట్ల రావడం రావడమే రెక్కలు విప్పె. చప్పుడు లే. అదే భయం. పావురం లేస్తే పటపటమంటాది, కాకి లేస్తే గాలి చప్పుడన్నా వస్తాది. ఇది లేస్తే ఏం చప్పుడూ లే, తెల్లగుడ్డ గాల్లోకి లేసినట్ల లేసింది. కుక్కంత ఉంది, ఒట్టు, ఎదిగిన కుక్క. ఇంతలో ఒక కాకి చూసింది. కాకి అరిసింది. ఇంగ సూడు, ఆ ఊరి కాకులు, రుద్రవరం కాకులు, ఆళ్లగడ్డ కాకులు, మూడు తాలూకాల కాకులు వచ్చి కమ్ముకునె. ఎండ పోయింది. మూడున్నరకు జనం ఇండ్లల్లో దీపాలు ముట్టించుకున్న్యారు. ఆ నల్లటి మబ్బులో తెల్లగా అదొక్కటే తిరుగుతాంది, యాడ దూరల్లో తెలీక. తిరిగి తిరిగి, బురుజుకు ఆనుకొని తలుపు తీసుండే ఒక మిద్దె ఇంట్లోకి దూరిపోయింది.

దూరిన తక్షణం ఒక ఆడమనిషి కేక. "బిడ్డ! లోపల బిడ్డ!"

ఆ ఇంట్లో పదైదు దినాల పసిబిడ్డ ఉంది. తల్లి పెరట్లో నీళ్లు పోసుకుంటాంది. బిడ్డ ఒక్కటే ఉయ్యాల్లో.

ఇస్సాకు గరిటె కింద పెట్టినాడు. కృష్ణస్వామి, "నరసింహా!" అని కండ్లు మూసుకున్న్యాడు.

"ఉయ్యాల యాడ కట్టింటిరి?" అని అడిగింది మూలనుండే ఆమె. అదే మొదటిసారి ఆమె నోరు తెరిచింది.

"నడింట్లోమ్మా. దూలానికి."

"ఆఁ. నడింట్లోనే," అన్న్యాది.

ఊరంతా ఆ ఇంటి ముందరికొచ్చింది. అంత జనముండారు, ఊపిరి చప్పుడు గూడా లే. గడప తొక్కేటోడు లేడు. బిడ్డ తండ్రి గుంజ పట్టుకొని వణుకుతాండాడు. లోపల నుంచి బుస వస్తాంది. నాగుపాము బుస ఇనింటారు మీరు, అది ఒకటైతే ఇది పది. బుస ఆగితే బిడ్డ ఏడుపు ఇనపడాల గదా? ఇనపడలే. బుస, మళ్లీ బుస, నడిమిలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఉంది చూడు, అది ఇనలేక జనం చెవులు మూసుకునిరి. బిడ్డ తల్లి తడిగుడ్డతో పరిగెత్తొచ్చి, సంగతి తెలిసి, ఈదిలో సొమ్మసిల్లి పడిపోయె.

"పడిపోయెనా?" అన్న్యాది ఆమె.

"పడిపోయెమ్మా, పాపం. నేనే ముఖాన నీళ్లు చల్లినా."

ఆమె సంచి తాడు ఏలికి చుట్టుకుంటా కూచునింది.

అప్పుడు ఊరంతా నా పక్క చూసింది. అరగంట ముందర, గూబ మనిషిని ముట్టదు అని చెప్పినోణ్ణి నేనే గదా. నేను పైగుడ్డ నడుముకు బిగించినా. చెప్పులిడిసినా. గడప దాటినా.

లోపల చీకటి. నేను దాటంగానే ఎనక తలుపు దానంతటదే పడిపోయింది. మిద్దె మీద గవాచిలో నుంచి ఒక్క ఎలుతురు గీత, అది పోయి ఉయ్యాల మీద పడతాంది. గాలి లేదు, ఉయ్యాల ఊగుతాంది. కిర్రు... కిర్రు... తల పైకెత్తినా. ఉయ్యాల పైన ఒక ముఖం. మనిషి ముఖమే. సున్నం కొట్టినట్ల తెల్లగా, నల్లటి కండ్లు రెండు. ముక్కు లే, నోరు లే. నన్నే చూస్తాంది.

నిజం చెప్పల్లంటే, ఆ ముక్క చెప్పేటప్పుడు నాకు గూడా అరచేతులు తడిసినాయి. అందుకే బేగా ముందుకు పోయినా.

కుక్కంత ఉండేది లోపలికొచ్చేసరికి దున్నపోతంత అయింది! తల దూలానికి తగులుతాంది, కండ్లు లారీ లైట్ల మాదిరి.

"అంత పెద్దది తలుపులో ఎట్ల పట్టిందప్పా?" అన్న్యాడు ఇస్సాకు.

"అది దాన్నే అడగాల. నాకు అడిగే తీరిక యాడుంది? ఇను."

అదొక్కటేనా? ముఖం తిప్పి చూస్తే దూలాల మీద వరసగా, మన మీటింగుల్లో మాదిరే మొగ గూబలొక పక్క, ఆడ గూబలొక పక్క, అరవై. నల్లమల నుంచి వచ్చినాయి. అన్నీ ఒక్కసారి బుస కొట్టినాయి చూడు, నా తల ఎంటికలు నిలబడి ఇప్పటి దాకా పండుకోలే. ఇంగొకడైతే ఆడనే ప్రాణమిడిసేటోడు. నేనేం చేస్తి? నాకొచ్చింది ఉపన్యాసం. చేతులు జోడించి, గూబ భాషలో, "అయ్యలారా, అమ్మలారా!" అని ఎత్తుకున్న్యా.

"గూబలకు పక్షుల గురించి ఉపన్యాసమా?" అన్న్యాడు ఆనందరావు.

"పక్షుల గురించి వాటికి తెలీదా ఏం? మనుషుల గురించి చెప్పినా!"

ఇట్ల చెప్పినా: మనిషి చావుజంతువు గాదు. గూబను ముట్టడు. దగ్గరికి పోతే అరుస్తాడు, నిజమే, గాని అది కోపం గాదు, వాని భయం. అన్నీ తలలు ఈ పక్కకొకసారి ఆ పక్కకొకసారి తిప్పి ఇన్న్యాయి. అయినాక ఒక ముసలి గూబ, ఈకలు రాలిపోయిన అవ్వ, ముందరికొచ్చి అడిగింది. "నాయనా, బాగా చెప్తివి. గాని మనిషి మా గూట్లో చెయ్యి పెడితే ఆర్నెల్లు ఆ గూడు మేము పాడుబెట్టాల. లేకుంటే మా పిల్లల్లో ఒకటి పోతాది. మా తాతల నుంచి చూస్తాండాం. నువ్వు చెప్పి పోతావు. పిల్లల్ని పెట్టుకొని మేము యాడికి పోవల్ల?" దాని కండ్లల్లో నీళ్లు. నా కండ్లల్లో నీళ్లు. అరవై గూబల కండ్లల్లో నీళ్లు. ఆ ఇంటి నేల బురదైపోయింది.

"నేను మాటిస్తాండా అవ్వా," అన్న్యా. "ఇంగ ఏ మనిషీ మీ గూట్లో చెయ్యి పెట్టడు."

అంతే, వాటికి నమ్మకం కుదిరింది. దున్నపోతంత గూబ ఉయ్యాల తాడు ముక్కున కరుచుకున్న్యాది, నేను ఉయ్యాల్లో బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూచున్న్యా, మిద్దె కప్పు ఎగిరిపోయింది, లేసినాం! కింద రుద్రవరం చెరువు చెంబులో నీళ్లంత. నల్లమల మీద, కొండల మీద, కింద పెద్దపులి తలెత్తి చూస్తాంది. యాడికి తీసుకుపోతాందో తెలీదు. తాడు ఒక్కొక్క పోగే తెగుతాంది. శ్రీశైలం కాడ డ్యాము అప్పటికి సగమే కట్టింటిరి. ఆ సగం గోడ మీద పని చేసే ఇంజనీరు నన్ను చూసి టోపీ తీసినాడు. ఆడ ఒక సుట్టు తిరిగి, తాడు ఆఖరి పోగు తెగేటప్పటికి, సరిగ్గా ఆ ఇంటి గడప ముందర దించింది. తల్లి చేతిలో బిడ్డను పెట్టినా. బిడ్డ నవ్వుతాంది. ఊరు ఊరంతా నా కాళ్ల మీద...

"అయ్యా."

మూలనుండే ఆమె లేచి నిలబడింది.

"ఉయ్యాల శ్రీశైలం పోలే అయ్యా. నడింట్లోనే ఉండె. ఆ బిడ్డ తల్లిని నేనే. నా పేరు ఓబులమ్మ."

ఇస్సాకు స్టవ్వు ఆర్పినాడు. ఆ చప్పుడు పోయినాక వాన చప్పుడే మిగిలింది.

ఆమె గొంతు పెంచలే. కోపం గూడా లే. పొలం సంగతి చెప్పినట్ల చెప్పింది.

"గూబ నీ పిలుపుకు రాలే. జనానికి చూపిస్తానని బురుజు బొక్కలో గడకట్టె పెట్టి నువ్వే పొడిస్తివి. పట్టపగలు బయటపడి, కాకులు తరిమితే, తలుపు తీసుండేది మా ఇల్లు. అరుపులిని నేను తడిగుడ్డతో వచ్చినా. పడిపోలే. పడిపోతే బిడ్డనెవురు తెస్తారు? మా ఇంటాయన గుంజ పట్టుకొని ఏడుస్తాండాడు, అది మటుకు నిజం. నీ కోసం చూస్తి. ఎదురింటి కొట్టంలో, ఎద్దు ఎనకాల నిలబడుంటివి."

ఆనందరావు నవ్వుతాడనుకుంటి. నవ్వలే.

"పురిటి మంచం మీద పండుకొని నీ ఉపన్యాసమంతా గోడ ఇవతల నుంచి ఇంటి. మంచి గొంతు నీది. బుస కొడితే అది కోపం గాదు, దాని భయం అంటివి. ఆ ఒక్క మాట పట్టుకొని గడప దాటినా. అది ఉయ్యాల తాడు మీద కూచోనుంది. చిన్నదే, కోడిపెట్టంత గూడా లేదు. బిడ్డ ఏడ్చడం లే, కండ్లు తెరుచుకొని దాన్నే చూస్తాంది. నేను దగ్గరికి పోతే తెలిసె, ఉయ్యాల ఎందుకు ఊగుతాందో. అది వణుకుతాంది అయ్యా. నాకంటే ఎక్కువ వణుకుతాంది. బిడ్డనెత్తుకొని పెరటి తలుపు తీస్తి. పోయె. అంతే."

"మరి ఇల్లు?" కృష్ణస్వామి ఆమె పక్క పూర్తిగా తిరిగిపోయినాడు. "ఇల్లు పాడుబెట్టారా తల్లీ?"

"నేను బిడ్డనెత్తుకొని ముందరికొస్తే, ఈయన మా మామ చెవిలో చెప్తాండాడు సామీ. ఎందుకైనా మంచిది, ఆర్నెల్లు ఇల్లు పాడుబెట్టండి అని."

నా గ్లాసులో టీ ఉంది. అది చూస్తా ఉంటి.

"నేను గడప దిగలే. పదైదు దినాల బిడ్డతో వానల్లో గొడ్ల కొట్టంలో ఎట్లుంటా? ఈయన జనానికి చెప్పిన మాటలే మా మామకు అప్పజెప్పినా. వెయ్యి ఎలుకలు, తలుపు తీసిపెట్టేది, అన్నీ. మా అత్తా మామా ఇడిసి పోయిరి. నేనూ మా ఇంటాయన ఉంటిమి. ఆర్నెల్లూ రోజూ పొద్దున్నే లేస్తానే బిడ్డ ముక్కు కాడ ఏలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలేదాకా నా ఊపిరి ఆడేది గాదు. ఒక్క దినం గూడా తప్పలే. ఎవురికీ చెప్పలే, చెప్తే ఇడిసి పోదాం పా అంటారని."

"బిడ్డ?" అన్న్యాడు ఇస్సాకు, మెల్లగా.

"తొమ్మిదో తరగతి. మొండిది."

బయట రుద్రవరం బస్సు హారన్ కొట్టింది. ఆమె సంచి భుజానికి తగిలించుకున్న్యాది. కృష్ణస్వామి లేచి, "మేము ఇంట్లోనే ఉండొచ్చునా తల్లీ?" అని అడిగినాడు. నన్నడగలే. ఆమెను.

"ఉండండి సామీ. భయమైతాది. అయినా ఉండండి."

కృష్ణస్వామి చల్లారిన టీ ఒక్క గుక్కన తాగి, ఇస్సాకు కాడ అగ్గిపెట్టె ఒకటి తీసుకొని, అహోబిలం బస్సు నిలబడే పక్కకు పోయినాడు.

ఆమె నా ముందరికొచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పింది నేను నమ్మినా అయ్యా," అన్న్యాది. "నువ్వే నమ్మలే."

ఆనందరావు చూపు నా మీదనే ఉంది, ఏదో ఒకటి అంటే బాగుండు అనిపించె.

"గూబలు ఇంకా ఆ బురుజులోనే ఉండాయి. మా ఊరి బళ్లో అయ్యవారు, పిల్లోళ్లకు పక్షుల గురించి చెప్పేదానికి మనిషి కావల్లంటాండాడు. ఈ ఊళ్లో అడిగి రమ్మన్న్యాడు నన్ను. నీ గొంతు అట్లనే ఉంది." బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకొని, ఎనక్కి తిరిగింది. "వస్తావా? ఇప్పుడే పోదాం. నేను పక్కనే నిలబడతా."

డ్రైవరు ఇంజను పెంచినాడు. అందరూ నా పక్క చూస్తాండారు.

నేను లేచి, పైగుడ్డ భుజాన సర్దుకొని, ఆ వానలో రుద్రవరం బస్సెక్కి, బురుజు కింద నిలబడి గూబ కండ్లల్లోకి చూసి మళ్లీ ఉపన్యాసం చెప్పినానని ఈడ రాయచ్చు. రాస్తే మీరు నమ్ముతారు గూడా, అంత బాగా రాస్తా.

ఎక్కలే.